గిల్లేసిన ఆకు

శనివారం మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక పాస్టరు గారి భార్య చిన్న పీట వేసుకుని పెరటి గోడ పక్కన కుండీల దగ్గర కూర్చుంటుంది. ఏడు కుండీలు. ప్రతి కుండీలోనూ జానెడు ఎత్తున గుబురుగా మూడేసి ఆకుల రెమ్మలు. ఆమెకి పని ఆ మూడాకుల వాటితో కాదు. వాటి మధ్య ఎక్కడో ఒక నాలుగాకులది నక్కి ఉంటుంది. దాన్ని వెతకాలి. వెతికి, ఆ నాలుగో ఆకుని బొటనవేలి గోటితో గిల్లెయ్యాలి. అప్పుడది కూడా మూడాకులదే అవుతుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఈ పని కోసమే ఆమె కుడిచేతి బొటనవేలికి గోరు పెంచింది. మిగతా తొమ్మిది వేళ్ళకీ గోళ్ళు లేవు. అంట్లు, బట్టలు, చర్చి నేల వాటిని మిగలనివ్వలేదు. ఈ ఒక్కటే పొడుగ్గా, అంచున పచ్చటి మరకతో ఉంటుంది. సబ్బుతో రుద్దినా ఆ మరక పోదు.

పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

మొదటి కుండీ కొన్నది ఆమే. ఈ చర్చి సంఘానికి వచ్చిన కొత్తల్లో బజారు నుంచి వస్తుంటే, పేవ్‌మెంటు మీద మొక్కలమ్మే ముసలావిడ కేకేసింది.

"అదృష్టం మొక్కమ్మా, పట్టుకెళ్ళు. నాలుగాకులది కనబడిందంటే ఇంటికి కలిసొచ్చినట్టే."

"పాస్టరు పెళ్ళానికా అదృష్టం అమ్ముతున్నావు?" అని ఆమె నవ్వింది.

ముసలావిడ గొంతు తగ్గించింది. "మీ దేవుడి మొక్కేనమ్మా ఇది. ఏదెను తోటలోంచి బయటికి గెంటేసిన రోజున హవ్వ చేతికందిన రెమ్మ ఒకటి తెంపుకుని పోయిందట. నాలుగాకులది. లోపల ఎలా ఉండేదో మర్చిపోకుండా ఉంటుందని. ఆ మొగుడుగారు ఉత్త చేతుల్తో నడిచాడట."

"ఏ గ్రంథంలో ఉంది ఆ మాట?"

"గ్రంథం రాసింది ఆడవాళ్ళా ఏంటమ్మా, ఉండటానికి?"

ఆ మాటకే కొనుక్కుంది. ఇంటికొచ్చి ఆ మాటే మొగుడికి చెప్పింది. అదీ పొరపాటు.

"అదృష్టమా? విశ్వాసి ఇంట్లో అదృష్టమేంటి? పారెయ్యి," అన్నాడు పాస్టరు. పారెయ్యబోతుంటే మళ్ళీ ఆపాడు. ఒక రెమ్మ తెంపి వెలుతురులో పెట్టి చూశాడు. ఒకే కాడ, మూడు ఆకులు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురూ ఒక్కటే. పిల్లలకి ఇంతకన్నా తేలిగ్గా ఎవడు చెప్పగలడు? ఆ ఆదివారం పిల్లల తరగతిలో ఆ రెమ్మ పట్టుకుని చెప్పాడు. పెద్దవాళ్ళు కూడా వెనక నిలబడి విన్నారు. పాస్టరు గారి తెలివే తెలివి అనుకున్నారు. ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి గుర్తుంది. బైబిలు పాఠశాలలో ఇద్దరిదీ ఒకే తరగతి. ముగ్గురు ఒక్కటవడమేంటో ఎంతకీ బుర్రకెక్కక, పరీక్ష ముందు రోజు ఇతగాడు తల పట్టుకుని వరండాలో కూర్చుంటే, పెరట్లో దొరికిన ఏదో మూడాకుల తీగ తుంచి చూపించి చెప్పింది తనే. ఆ పరీక్షలో ఆమె మొదట వచ్చింది, అతను రెండో వాడు. తర్వాత పెళ్ళి. తర్వాత అతను పాస్టరు. ఆమె పాస్టరు గారి భార్య. వాళ్ళని ఈ సంఘానికి తీసుకున్న రోజున కమిటీ పెద్ద, "మీకు బైబిలు వాక్యం వచ్చా అమ్మగారూ" అని అడగలేదు. "కుట్టుపని వచ్చా? కీబోర్డు వాయిస్తారా? వంద మందికి టీ పెట్టగలరా?" అని అడిగాడు. అన్నిటికీ వచ్చు అన్నాక, "ఒకర్ని పిలిస్తే ఇద్దరొచ్చారయ్యా మనకి," అని జోకేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వడం కూడా వచ్చని అప్పుడే తేలింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ప్రతి పిల్లకీ ఒక కార్డు. రెమ్మలు కోసి, బరువైన పుస్తకాల మధ్య పెట్టి, తడి ఆరాక అట్టముక్క మీద అతికించి, కింద వాక్యం గుండ్రంగా రాయాలి. ఒక కుండీ ఏడు కుండీలయ్యాయి. కొన్నాళ్ళకి పిల్లలు తరగతి అవగానే పెరట్లోకి పరిగెత్తి నాలుగాకులది వెతకడం మొదలుపెట్టారు. దొరికినవాడు ఎగిరి గంతేసేవాడు. పాస్టరు చూశాడు.

"మనకి దేవుడు నలుగురు కాదు," అన్నాడు ఆమెతో. "ఒక్క నాలుగాకులది కూడా నా పెరట్లో కనపడకూడదు."

"పీకేస్తాను."

"మొత్తం పీకెయ్యకు, దండగ. నాలుగోది గిల్లెయ్యి. మూడే అవుతుందిగా."

అలా మొదలైంది గిల్లడం. మొదట్లో ఆమెకి చెయ్యి ఆడేది కాదు. ఆ నాలుగో ఆకు మిగతా మూడింటికన్నా కాస్త చిన్నగా ఉంటుంది. చోటు లేని చోట ఒదిగి కూర్చున్నట్టు, ఉన్నందుకు ఏమీ అనుకోవద్దన్నట్టు ఉంటుంది. గోరు ఆనించగానే తెగిపోతుంది, పీకే శ్రమ కూడా ఇవ్వదు. సాయంత్రం ఎండ తగ్గగానే అన్ని రెమ్మలూ ఆకులు ముడుచుకుంటాయి. చూశారా, మొక్క కూడా ప్రార్థిస్తోంది అని ఆయన ప్రసంగంలో చెప్పాడు. ఆమెకది ప్రార్థనలా కనపడలేదు. పొద్దుటి నుంచీ నిలబడ్డవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నట్టు కనపడింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పే చోటు లేదు. ఆయన ప్రసంగం చిత్తుగా రాసిస్తే శుక్రవారం కూర్చుని సాపు రాసేది ఆమే. వాక్యాల అంకెలు తప్పుంటే దిద్దేది, తల లేని చోట తల, తోక లేని చోట తోక పెట్టేది. శనివారం ఆకులు. శనివారం సాయంత్రం ప్రభురాత్రి భోజనపు బల్ల గుడ్డ ఇస్త్రీ, ద్రాక్షరసానికి డెబ్భై రెండు చిన్న గ్లాసులు కడిగి, తుడిచి, బోర్లించడం, రొట్టె అంచులు తీసి ముక్కలు కోయడం. ఆదివారం పొద్దున కీబోర్డు. మధ్యాహ్నం టీ. టీ అయ్యాక మళ్ళీ డెబ్భై రెండు గ్లాసులు. ఆయన మాత్రం శనివారం సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో చేతులు నానబెట్టుకుని గోళ్ళు శుభ్రం చేసుకుంటాడు. రొట్టె విరిచే చేతులు, నలుగురూ చూస్తారు. మెత్తటి చేతులు, పదికి పది గోళ్ళూ నిగనిగలాడుతూ ఉంటాయి. "నా కొడుకు నోరు తెరిస్తే రాయి కూడా ఏడుస్తుంది," అంటుంది అత్తగారు. రాళ్ళు ఏడిస్తే ఏడ్చాయి, ఆ తడి తుడిచేది ఎవరత్తయ్యా అని కోడలు మనసులోనే అనుకుంటుంది.

కూతురు చిన్నప్పుడు ఒక ఆదివారం కార్డు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, మన ఇల్లు కూడా ఇలాగే. నాన్న ఒక ఆకు, నానమ్మ ఒక ఆకు, నేను ఒక ఆకు."

"మరి నేనో?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "నువ్వు కాడవమ్మా."

అత్తగారు పడీపడీ నవ్వింది. పాస్టరు ఆ మాటని తర్వాతి వారం ప్రసంగంలో వాడుకున్నాడు, తన మాటగా. కూతురు పెద్దదై, నర్సు ఉద్యోగానికి వేరే ఊరు పోయింది. కాడ మాత్రం ఇక్కడే ఉంది.

పోయిన నెలలో సంఘాల మాసపత్రిక వచ్చింది. మొదటి పేజీలో బిషప్ గారి వ్యాసం. ఆయనకి మొక్కలంటే ఇష్టమట. మూడు ఆకులు త్రిత్వమైతే నాలుగోది దేవుని కృప అని రాశాడు. లోకం దాన్ని అదృష్టం అంటుంది, మనం కృప అనాలి అని రాశాడు. నాలుగాకులూ విప్పి చూస్తే సిలువ కనపడుతుందని కూడా రాశాడు. పాస్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. ఎందుకంటే నెల తిరిగేసరికి బిషప్ గారు ఈ సంఘానికి వస్తున్నారు. పెద్ద పట్నంలోని పెద్ద చర్చికి పాస్టరు కావాలి. ముగ్గుర్ని చూసి ఒకర్ని ఎంచుతారు.

"నాలుగాకులవి అరవై కావాలి," అన్నాడు భార్యతో. "ముందు వరసల వాళ్ళందరికీ తలా ఒక కార్డు."

"అన్ని ఎక్కడివండీ?"

"ఇన్నేళ్ళలో ఒక్కటీ రాలేదా?"

"వచ్చేవి. మీరు గిల్లమన్నారు."

పాస్టరు ఆమె వంక తెల్లబోయి చూశాడు. "గిల్లమంటే అన్నీ గిల్లేస్తావా? బుద్ధుండక్కర్లా? నాలుగు దాచి పెట్టకూడదూ?"

 పందొమ్మిదేళ్ళలో చేసిన పనికి దక్కిన మెప్పు అది. ఆయన కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, దారి తనే కనిపెట్టాడు. మూడాకులవాటికి ఇంకో ఆకు అతికిస్తే సరి. అట్టముక్క మీదే కదా, ఎవడు చూడొచ్చాడు? "చిన్నవి పెట్టకు, బాగోదు. నాలుగూ సమంగా ఉండాలి," అని కూడా చెప్పాడు. ఇంకొకటి మిగిలింది. బిషప్ గారొచ్చే ఆ ఆదివారం ఆమె లేచి, దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. ఇన్నేళ్ళలో ఆమె చేతికి మైకు వచ్చింది మూడుసార్లు. మూడుసార్లూ టీ ఎక్కడ ఇస్తారో చెప్పడానికే.

"నేను రాసిస్తాగా. చదివితే చాలు," అన్నాడు.

రాసిచ్చాడు. మూడు వారాలు ఉపవాసం ఉండి ప్రార్థించాను. గురువారం తెల్లవారి పెరట్లోకి వెళ్ళి చూస్తే కుండీల నిండా నాలుగాకుల రెమ్మలే. ఇది మా వారి సేవకి ప్రభువు వేసిన ముద్ర. అక్కడక్కడా అక్షరాలు తప్పాయి. ఆమె అలవాటు కొద్దీ దిద్దింది. అబద్ధానికి కూడా తప్పుల్లేకుండా చూసింది. దిద్దాక మాత్రం కలం పక్కన పెట్టి అడిగింది.

"ఏమండీ, ఇది అబద్ధం కదా?"

"అబద్ధమేంటి? ఉపమానం. ప్రభువు చెప్పలేదూ ఉపమానాలు?"

"ప్రభువు జిగురు వాడలేదు కదండీ."

 పాస్టరు మెల్లగా, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మాట్లాడే గొంతుతో అన్నాడు. "ఈ ఒక్కటీ చెయ్యి. చర్చి ఊడ్చి ఊడ్చి నీ నడుం పోయింది కదా. అక్కడ ఊడవడానికి మనుషులుంటారు. నీ కోసమే ఇదంతా."

ఆమె కోసమట. ఆ మాట ఆమెలో ఒక పూట తిరిగింది. నిజంగానే నడుం పోయింది. అక్కడ మనుషులుంటారు. చదివేస్తే పోలా, రెండు నిమిషాల పని. ఎంతమంది ఎన్ని అబద్ధాల మీద బతకడం లేదు! కానీ దేవుడి ముందు ఆమె నోటితో ఆమె చెప్పే మొదటి మాట అదవుతుంది. బహుశా చివరిది కూడా. ఇంతకాలం నోరు మూసుకుని ఉంది కాబట్టి ఆ నోరు ఎంగిలి కాలేదు. ఆమెకంటూ మిగిలింది అదొక్కటే. బజారులో ముసలావిడ మాట గుర్తొచ్చింది. గెంటేస్తున్నా ఒక రెమ్మ తెంపుకుని పోయిందట హవ్వ. అడక్కుండా, ఎవరి అనుమతీ లేకుండా. అలాంటి రెమ్మలు తన కుండీల్లో వారం వారం మొలిచాయి. తను వారం వారం గిల్లింది.

గురువారం కోసి పుస్తకాల్లో పెట్టింది. శనివారం మధ్యాహ్నం అతికించడానికి కూర్చుంది. అప్పుడు ఒక సంగతి తెలిసింది. ఒక రెమ్మకి ఉన్న మూడాకులూ ఊడపీకితే మూడు రెమ్మలకి నాలుగో ఆకు వస్తుంది. అరవై కార్డులకి ఇరవై రెమ్మలు బోడి చెయ్యాలి. ఊడపీకింది. రెండు గంటలకి మొదలుపెట్టి అయిదింటికి ముగించింది. అరవై కార్డులు బల్ల మీద నిండుగా మెరుస్తున్నాయి. పక్కన ఇరవై కాడలు, ఒక్క ఆకు లేకుండా.

అత్తగారు తొంగి చూసింది. "కార్డులు బ్రహ్మాండంగా ఉన్నాయే అమ్మాయ్. ఆ పుల్లలు పారెయ్యి, చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి."

ఆమె పారెయ్యలేదు. కొంగున ముడేసుకుంది.

ఆదివారం చర్చి నిండింది. బిషప్ గారు ముందు వరసలో కూర్చున్నారు. కార్డులు పంచారు. పాస్టరు ఆ రోజు మాట్లాడినట్టు ఎన్నడూ మాట్లాడలేదు. మూడు ఆకుల గురించి చెప్పి, గొంతు తగ్గించి, నాలుగో ఆకుకి వచ్చాడు. "కృప అంటే ఏంటి? మనం పనిచేస్తే వచ్చేది కాదు. చెమటోడిస్తే వచ్చేది కాదు. అడక్కుండా, అర్హత లేకుండా, దేవుడు ఊరికే ఇచ్చేది." కీబోర్డు ముందు కూర్చున్న ఆమె తన వేళ్ళు చూసుకుంది. రెండు వేళ్ళు జిగురుకి ఇంకా అంటుకుంటున్నాయి. "ఈ కృప మన పెరట్లోనే మొలిచింది. అమ్మగారు సాక్ష్యం చెప్తారు."

ఆమె లేచింది. నాలుగడుగులే. మైకు ఆమె చేతికిస్తూ కూడా పాస్టరు దాన్ని పూర్తిగా వదల్లేదు, రెండు వేళ్ళతో పట్టుకునే ఉన్నాడు. ఆమె కాయితం విప్పింది.

"మూడు వారాలు ఉపవాసం..." అని చదివి ఆగింది. ఉపవాసం అబద్ధమేమీ కాదనిపించింది. మూడు వారాలన్నదే అబద్ధం, పందొమ్మిదేళ్ళయింది. కాయితం మడిచింది. మైకు తన వైపు లాక్కుంది.

"ఈ మొక్క మా ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా ఉంది. నాలుగాకులవి వారానికి ఒకటో రెండో వచ్చేవి. ఎవరూ ప్రార్థించకుండానే వచ్చేవి. ప్రతి శనివారం కూర్చుని నేనే గిల్లేసేదాన్ని. మీ పిల్లలు దాచుకున్న పాత కార్డులుంటే చూడండి, కొన్నిటికి కాడ దగ్గర చిన్న మచ్చ ఉంటుంది. అక్కడుండేది నాలుగోది. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నవి దేవుడిచ్చినవి కావు. నిన్న మధ్యాహ్నం నేను అతికించినవి. గోటితో గీకి చూడండి, ఊడొస్తాయి."

కొంగుముడి విప్పి ఇరవై బోడి కాడలూ ప్రసంగ పీఠం మీద పెట్టింది.

 ముందు వరసల్లో ఎక్కడో ఒక చిన్న చప్పుడైంది. అట్ట మీద గోరు గీకిన చప్పుడు. ఆ పక్కన ఇంకొకటి. కాసేపటికి చర్చి అంతా గోళ్ళ చప్పుడే.

పాస్టరు మైకు లాక్కున్నాడు. "అమ్మగారికి కొంతకాలంగా ఒంట్లో బాగుండటం లేదు. అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం," అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అంతకన్నా ఏం చేస్తారు? ఆమె వెనక గదిలోకి వెళ్ళి గ్లాసులు కడిగింది. ఏ ఆడమనిషీ సాయానికి రాలేదు. ఒకావిడ గుమ్మం దాకా వచ్చి, చూసి, వెళ్ళిపోయింది. బిషప్ గారు భోజనానికి ఆగలేదు. కారెక్కుతూ పాస్టరుతో, "ముందు ఇల్లు చక్కబెట్టుకోండి. చర్చి సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. ఆయన ఆమె వంక చూడలేదు. నిజం చెప్పిన మనిషిని ఇల్లు చక్కగా లేకపోవడం కింద లెక్కగట్టి వెళ్ళిపోయారు.

ఇంట్లో గొడవ సాయంత్రం దాకా సాగింది. "నీ నోటి దురదకి ఇన్నేళ్ళ నా సేవ గంగలో కలిసింది," అన్నాడు మొగుడు. "మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టి పరువు ఊడదీసింది," అంది అత్తగారు.

"అతికించిందే ఊడిందత్తయ్యా," అంది ఆమె.

అంతే. ఆ తర్వాత వారమంతా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఇంటి పని మాత్రం ఎప్పటిలాగే ఆమెతో మాట్లాడింది. కూతురికి ఎవరో చెప్పారు కాబోలు, ఫోను చేసింది. "ఎందుకమ్మా ఇప్పుడు, నాన్న ఎంత బాధపడుతున్నారో," అంది. ఆమె విని, జాగ్రత్తగా ఉండమని చెప్పి పెట్టేసింది.

మళ్ళీ శనివారం వచ్చింది. పాస్టరు భోజనం ముగించి చేతులు కడుక్కుంటూ గోడతో అన్నట్టు అన్నాడు. "రేపు పిల్లలకి కార్డులు కావాలి. మూడాకులవే. పాత పద్ధతి."

ఆమె పీట వేసుకుని కుండీల దగ్గర కూర్చుంది. గుబురు ఈ వారం పలచబడింది, కోసినచోట ఇంకా మొలవలేదు. రెండో కుండీలోనే కనపడింది. నాలుగాకులది. నాలుగోది చిన్నది, పక్కవాటి నీడలో ఒదిగి ఉంది. గోరు తనంతట తనే దాని మీదికి పోయింది, ఆకుకి ఆనింది. ఆమె ఆ వేలిని అక్కడే ఉంచి, అది వేరే ఎవరి వేలో అన్నట్టు చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, కుట్టుపెట్టెలోని కత్తెర తెచ్చింది. గుమ్మం మీద కూర్చుని ఆ గోరుని మొదలంటా కత్తిరించింది. పచ్చ మరకతో పాటు అది మెట్టు మీద పడింది.

పాస్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కుండీ వైపు చూశాడు. నాలుగో ఆకు అక్కడే ఉంది.

"అది గిల్లవేం?"

ఆమె బొటనవేలు చూపించింది. "గోరు తీసేశానండీ. మీకు పది ఉన్నాయిగా. మీరు గిల్లుకోండి."